నీళ్ల కుండతో లోపలికి వెళ్లిన ఆవిడ

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న నవలాకారులు గారికి, వారి పక్కన కూర్చుని ఇందాకటి నుంచి గడియారం చూసుకుంటున్న మా యజమానిగారికి, ముందు వరసలో కుర్చీ అంచు మీద కూర్చున్న బావగారికి, కంపోజింగు, బైండింగు, అమ్మకాల విభాగాల అన్నయ్యలకు, అక్కయ్యలకు, తలుపు దగ్గర నిలబడి టీ ఎప్పుడిస్తారా అని చూస్తున్న మిత్రులకు, అందరికీ నమస్కారం. ఇవాళ్టి వీడ్కోలు సభ ఎవరి కోసమో ఆ పెద్దక్కకు విడిగా ఇంకో నమస్కారం. అందరితో కలిపి పెడితే "నన్ను జాబితాలో ఎందుకు కలిపావే?" అంటారు.

నాకిచ్చిన సమయం ఐదు నిమిషాలు. నిజానికి ఆహ్వానపత్రంలో నేను లేను. అచ్చుకు వెళ్లేముందు ఎవరో ప్రూఫు అడుగున పెన్సిలుతో "చివర్న ఆ అమ్మాయి కూడా రెండు మాటలు" అని చేర్చారు. ఆ చేతిరాత ఎవరిదో ఈ హాల్లో అందరికీ తెలుసు. (నవ్వులు) ఈ ఆఫీసులో నేను చేరి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో నా సొంత మాటలన్నీ కలిపి కుట్టినా ఐదు నిమిషాలు రావు. కాన్వెంటులో చదివేటప్పుడు ఒకసారి వక్తృత్వపు పోటీలో నిలబెట్టారు. నమస్కారం అన్నాను, ధన్యవాదాలు అన్నాను, దిగిపోయాను. మధ్యలో ఉండవలసింది మర్చిపోయాను. మా సిస్టరు చాలా మంచివారు. "మొదలూ ముగింపూ చక్కగా ఉన్నాయమ్మా" అని మెచ్చుకున్నారు. అందుకని ఇవాళ మధ్యలోది కాగితం మీద రాసుకొచ్చాను.

ఇంతవరకూ మాట్లాడిన పెద్దలు పెద్దక్క క్రమశిక్షణ గురించి చెప్పారు, ముప్ఫై ఒక్క ఏళ్ల అంకితభావం గురించి చెప్పారు. "నిలువెత్తు నిదర్శనం" అని ముగ్గురన్నారు. పెద్దక్క ఎత్తు ఎంతో మనకు తెలుసు కనుక మూడోసారికి ఆవిడ కూడా నవ్వేశారు. నేను ఆ గుణగణాల జోలికి వెళ్లను. నేను ఒక నీళ్లావిడ గురించి మాట్లాడతాను.

ఆవిడ ఈ హాల్లో లేదు, పుస్తకంలో ఉంది. ఆరువందల పన్నెండు పేజీల చారిత్రక నవలలో ఆవిడకు మొదట దక్కింది ఒకే ఒక్క వాక్యం. ఆ నవల రాసింది మన అధ్యక్షులవారే. చదవనివాళ్లు చేతులెత్తక్కర్లేదు. అమ్మకాల అన్నయ్య తల దించుకోవడం నాకు ఇక్కడికే కనిపిస్తోంది. (నవ్వులు)

ఆవిడ దగ్గరికి వెళ్లేముందు మా గది చూపించాలి. మెట్ల పక్కనుంచి ఎడమకు తిరిగితే కాగితాల గోడౌను, దాన్ని ఆనుకుని ప్రూఫు గది. ఒక కిటికీ, రెండు బల్లలు, ఒక ఇనప బీరువా. కిటికీ దగ్గర బల్ల పెద్దక్కది. బీరువా వెనకాల బల్ల నాది. గదిలోకి వచ్చినవాళ్లకు బీరువా కనిపిస్తుంది, నేను కనిపించను. ఈ ఏర్పాటు నాకు మొదటి రోజే నచ్చింది. పెద్దక్కకు నేను నచ్చానో లేదో మాత్రం తెలియలేదు. ఆవిడ నన్ను ఒక్కటే ప్రశ్న అడిగారు.

"నీకు అనుమానం ఎక్కువా?"

"కొంచెం ఎక్కువేనండి."

"మంచిది. ఇంట్లో తగ్గించుకో. మిగిలింది రోజూ ఇక్కడికి పట్టుకురా."

అచ్చుతప్పులు పట్టుకోవడం మా పని అని చాలామంది అనుకుంటారు. అచ్చుతప్పులు ఎవరైనా పట్టుకుంటారు. పెద్దక్క దగ్గర ఇంకొకటుంది. పొడుగాటి గీతల పుస్తకం. దానికి ఆవిడ పెట్టిన పేరు రాకపోకల పుస్తకం. మా దగ్గరికొచ్చిన ప్రతి నవలకూ అందులో లెక్క ఉంటుంది. ఎడమవైపు ఫలానా మనిషి ఫలానా పేజీలో గదిలోకి వచ్చాడు, చేతిలో ఇది ఉంది. కుడివైపు ఫలానా పేజీలో బయటికి పోయాడు, చేతిలో అది ఉందా లేదా. వీధి గుమ్మంలో కూర్చున్న అత్తగారు కూడా వచ్చేపోయేవాళ్లను అంత శ్రద్ధగా చూడదు. బావగారు తల ఊపుతున్నారు. ఇంట్లో కూడా ఇదే వరసట. "హాల్లోకి వెళ్లేటప్పుడు మీ చేతిలో పేపరుంది, వచ్చేటప్పుడు లేదేం?" అని వంటింట్లోంచే అడుగుతారట. (నవ్వులు. బావగారు: "పేపరు కాదమ్మా, కళ్లజోడు!")

నవల పూర్తయ్యాక కుడివైపు ఖాళీగా మిగిలిపోయినవాళ్లను పెద్దక్క "చిక్కినవాళ్లు" అంటారు. రచయిత లోపలికి తీసుకెళ్లి, బయటికి తేవడం మర్చిపోయినవాళ్లన్నమాట. ఎంతమంది చిక్కారో వింటే మీకు జాలేస్తుంది. ఒక అపరాధ పరిశోధన నవలలో బల్బు మార్చడానికి నిచ్చెన ఎక్కిన మనిషి ఇప్పటిదాకా దిగలేదు. ఒక కుటుంబ కథలో మేనమామ స్నానానికి వెళ్లాడు. బయట పిల్లలు పెద్దవాళ్లయ్యారు, వాళ్లకు పెళ్లిళ్లయ్యాయి, ఇల్లు అమ్మేశారు. ఆయన ఇంకా స్నానం చేస్తూనే ఉన్నాడు. పెద్దక్క ఆ రచయితకు ఉత్తరం రాశారు: "అయ్యా, మీ మేనమామగారికి జలుబు చేస్తుంది." (నవ్వులు)

ఇప్పుడు నవల. మామూలుగా యుద్ధం గురించిన పుస్తకాల్లో యుద్ధం చివర్న అయిపోతుంది. ఇందులో మొదటి వాక్యంలోనే అయిపోతుంది. మిగిలిన ఆరువందల పేజీలూ అయిపోయినదాన్ని ఎత్తిపోసుకోవడమే. కూలిన గోడలు, విత్తనం లేని పొలాలు, ఒంటి చెప్పుతో తిరిగొచ్చిన మనుషులు, తిరిగిరానివాళ్ల చెప్పులు. మన అధ్యక్షులు దానికోసం నాలుగేళ్లు కష్టపడ్డారు. (అధ్యక్షులు: "ఆరేళ్లమ్మా.") ఆరేళ్లు. సరిదిద్దుకున్నాను.

ఎనభై ఏడో పేజీలో గెలిచిన సేనాని, ఓడిన మంత్రి సంధి మాట్లాడుకోవడానికి ఒక ధాన్యపు కొట్టులో కూర్చుంటారు. ఊళ్లో పైకప్పు మిగిలింది దానికొక్కదానికే. ఇద్దరికీ చెరో ఇద్దరు సహాయకులు. వెరసి ఆరుగురు. సేనాని కోపంగా ఏదో అనబోతాడు, పొలమారుతుంది. ఊపిరాడదు. అప్పుడు మంత్రి, తన పగవాడని చూడకుండా, తన ముందున్న గ్లాసు అతని వైపు జరుపుతాడు. గ్లాసు ఖాళీగా ఉంటుంది. "ఒక ఆడమనిషి కుండతో లోపలికి వచ్చి నీళ్లు పోసింది." అదీ మన వాక్యం. సేనాని తాగుతాడు, మెత్తబడతాడు, సంధి మొదలవుతుంది. ఎనభై ఎనిమిదిలో తలుపు గడియ వేస్తారు. మళ్లీ గడియ తీసేది నూట నాలుగులో, పొద్దు వాలాక. ఈ మధ్యలో తొంభై మూడో పేజీలో మన అధ్యక్షులు ఎంతో గంభీరంగా ఇలా రాశారు: "ఆ గదిలో ఆ ఆరుగురు తప్ప ఏడో ప్రాణి లేదు."

పెద్దక్క మార్జిన్లో రాశారు: "ఏడో ప్రాణి ఉంది. 87లో వెళ్లింది. బయటికి రాలేదు."

రెండో రోజు ఫోను మోగింది. మా గదిలో ఫోను పాతది. అవతలి మాటలు బీరువా వెనక్కి కూడా వినిపిస్తాయి.

"అమ్మా, ఆవిడెవరో నీళ్ల మనిషి. పోసి వెళ్లిపోయి ఉంటుంది. పాఠకులకు ఆమాత్రం తెలియదా?"

"ఎప్పుడు వెళ్లిందండీ? ఎనభై ఎనిమిదిలోనే గడియ వేయించారు కదా."

"అయితే ఆవిణ్ని కొట్టేయండి."

"కొట్టేస్తే సేనానికి నీళ్లెవరు పోస్తారండీ?"

"పొలమారడం కూడా కొట్టేయండి!"

"పొలమారకపోతే మంత్రిగారు గ్లాసెందుకు జరుపుతారు? జరపకపోతే సంధి జరగదు. సంధి జరగకపోతే మీరు యుద్ధం మళ్లీ మొదలుపెట్టుకోవాలి. అయిదువందల పేజీలు అటువి ఇటు అవుతాయి. మీ ఇష్టం."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు మాత్రం చాలా స్పష్టంగా వినిపించింది. (నవ్వులు) అధ్యక్షులు కూడా నవ్వుతున్నారు కనుక ధైర్యంగా ముందుకెళ్తాను. ఆ తర్వాత మూడు వారాలు ఆయన దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ముక్కుమీద కోపం ఉన్నవాళ్లే మంచి నవలలు రాస్తారని పెద్దక్క సిద్ధాంతం. ఆ లెక్కన మా యజమానిగారు కూడా నవల రాయవచ్చు.

ఇక్కడ నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. నేను అప్పటికి చేరి నెల కూడా కాలేదు. గొడవలంటే నాకు భయం. ఫోను మోగితే కుర్చీ ఇంకాస్త బీరువా చాటుకు జరుపుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం పెద్దక్క భోజనానికి వెళ్లినప్పుడు ప్రూఫు తీశాను. "నీళ్లు పోసింది" అన్నచోట "నీళ్లు పోసి వెళ్లిపోయింది" అని పెన్సిలుతో దిద్దేశాను. ఒక్క మాటతో పీడా వదిలింది. గదిలో ఆరుగురే. రచయిత మాట నిజమైంది, ఫోను మోగదు. నన్ను నేనే మెచ్చుకుని రబ్బరు పొట్టు దులుపుకున్నాను.

పెద్దక్క వచ్చి ఆ పేజీ చూశారు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఎవరే ఈవిణ్ని బయటికి పంపింది?"

"నేనేనండి. సమస్య తీరిపోతుందని..."

"ఎవరి సమస్య?"

నేను పెన్సిలు బల్ల మీద పెట్టేశాను.

"ఆ గదిలో మాట్లాడుకుంటున్నది దేని గురించే? పద్నాలుగేళ్లు దాటిన మగపిల్లలందర్నీ కోటగోడలు కట్టడానికి తోలుకుపోదామని. ఎవరి పిల్లల్ని? ఆవిడ వీధిలో వాళ్లని. ఆవిడ మూల నిలబడి కుండ పట్టుకుని వింటోంది. అంత తేలిగ్గా పంపించేశావా? సేనాని ఆవిణ్ని చూడలేదు. రాసినాయన చూడలేదు. నువ్వు కూడానా?"

తర్వాత రబ్బరు నా చేతికిచ్చి, ఒక మాట చెప్పారు. అది నాకు జీతంతో పాటు దొరికింది. "మన పని అడగడమే పిల్లా. తీర్చడం కాదు. తీర్చేది ఆయన. కానీ ఆయన తీర్చేదాకా అడగాలి."

నేను ఆవిణ్ని మళ్లీ లోపల పెట్టాను. మూలగా, కుండతో.

నాలుగు రోజుల తర్వాత మూడువందల నలభై ఒకటో పేజీకి వచ్చాం. గెలిచినవాళ్ల సైనికులు పిల్లల్ని పట్టుకుపోవడానికి ఊరి మీద పడతారు. ఏ ఇంట్లోనూ ఎవరూ లేరు. తలుపులు తెరిచి ఉన్నాయి, పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగా ఉంది, మనుషులు ఏరు దాటిపోయారు. మన అధ్యక్షులు ఆ అధ్యాయం చివర ఇలా రాశారు: "ఆ రహస్యం ఎలా పొక్కిందో ఈనాటికీ ఎవరికీ తెలియదు."

పెద్దక్క పెన్సిలు చెక్కుకుని మార్జిన్లో రెండే మాటలు రాశారు: "నాకు తెలుసు." (చాలాసేపు నవ్వులు)

ఈసారి ఫోను మోగలేదు. మూడో రోజున గొడుగుతో ఆయనే వచ్చారు. ఆ గొడుగు మాత్రం ఇప్పటికీ మా గదిలోనే ఉందండీ, పుస్తకంలో రాసి ఉంది.

"ఏమిటమ్మా మీకు తెలిసింది?" అని గుమ్మంలోంచే అడిగారు.

"కూర్చోండి" అన్నారు పెద్దక్క. ఎనభై ఏడో పేజీ ఆయన ముందు పెట్టారు. పక్కన మూడువందల నలభై ఒకటి పెట్టారు. ఆయన అదొకసారి, ఇదొకసారి చదివారు. చివరికి ఎనభై ఏడో పేజీ మీద వేలు పెట్టారు.

"ఆవిడ వెళ్లలేదు" అన్నారు.

"లేదండి."

"అంతా వింది."

"కొట్టు చిన్నదని మీరే రాశారు కదండీ. వినపడకుండా ఎలా ఉంటుంది?"

"ఆరేళ్లు ఆ గదిలోనే కూర్చున్నానమ్మా. నాకెందుకు కనపడలేదు?"

"ఆ పేజీలో మీరు సేనాని కళ్లతో చూస్తున్నారండీ. ఆయనకు నీళ్లు కనిపించాయి. పోసిన చెయ్యి కనిపించలేదు."

ఆయన నా వైపు తిరిగి, అంటే బీరువా వైపు తిరిగి, "ఒక పెన్సిలుంటుందా?" అన్నారు. నేను పక్కనుంచి చెయ్యి చాపి ఇచ్చాను. అక్కడికక్కడే పెద్దక్క బల్ల మీద రెండు పేజీలు రాశారు. ఇవాళ ఎవరు ఆ నవల గురించి మాట్లాడినా ఆ రెండు పేజీల గురించే మాట్లాడతారు. గడియ తీశాక ఆవిడ బయటికొచ్చి, చీకటి పడేలోగా ఇల్లిల్లూ తిరుగుతుంది. ప్రతి గుమ్మంలో "నీళ్లు పొయ్యనా?" అని ఆగుతుంది. పోస్తూ పోస్తూ ఒక్క మాట చెప్తుంది. పక్కింటికి వెళ్తుంది. ఎవరికీ అనుమానం రాదు, నీళ్ల మనిషి కదా. చాప కింద నీరులా ఊరంతా తెలిసిపోతుంది. చివరి ఇల్లు ఆవిడదే. అందులో చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. ఆవిడ గుమ్మంలో కుండ దించుతుంది.

ఆ పేజీలు చదివి పెద్దక్క ఒక్క దిద్దుబాటు కూడా చెయ్యలేదు. రాకపోకల పుస్తకం తీసి, కుడివైపు ఖాళీలో "బయటికి వచ్చింది" అని రాశారు. రాసి కళ్లజోడు తుడుచుకున్నారు. ఆ రోజు దుమ్ము ఎక్కువగా ఉందన్నారు. కిటికీ మూసే ఉంది.

పుస్తకం వచ్చింది. పేరొచ్చింది. పత్రికలవాళ్లు మన అధ్యక్షుల్ని అడిగారు, ఆ నీళ్లావిడ మీకెలా తట్టిందని. ఆయన నాలుగు ఇంటర్వ్యూల్లో ఒకే జవాబు చెప్పారు. "ఒక తెల్లవారుజామున నాకు కలలో కనిపించింది." (నవ్వులు, చప్పట్లు) అధ్యక్షా, నేను కాదు, వాళ్లే నవ్వుతున్నారు. ఆ నాలుగు కత్తిరింపులూ పెద్దక్క చదివారు. నాలుగింటిలోనూ ఉన్న అచ్చుతప్పులు దిద్దారు. బీరువాలో పెట్టేశారు. నాకు ఒళ్లు మండింది.

"అక్కా, మీకు కోపం రాలేదా?"

"ఎందుకే కోపం? కలలోకి వచ్చింది నేనే అయ్యుంటాను. ఆయన్నేమీ అనకు."

నేనేమీ అనలేదు. ఇవాళ్టిదాకా.

ఇప్పుడు నా ఐదు నిమిషాలు అయిపోయాయి. యజమానిగారు గడియారం చూపిస్తున్నారు. ఇంకొక్క విషయం చెప్పి దిగిపోతాను. అది ఆయన గురించే కనుక అభ్యంతరం ఉండదనుకుంటాను.

పోయిన గురువారం మధ్యాహ్నం పెద్దక్క కంటి పరీక్షకు వెళ్లారు. నేను నా బల్ల దగ్గర ఒక వంటల పుస్తకం ప్రూఫు చూస్తున్నాను. ఇద్దరు పెద్దమనుషులు గదిలోకి వచ్చారు. ఒకరి చేతిలో కొలిచే టేపు ఉంది. ఇద్దరూ ఇప్పుడు వేదిక మీదే ఉన్నారు.

"ఈ బీరువా తీసేస్తే గది పెద్దదే" అన్నారొకరు. "కిటికీ దగ్గర సోఫా వేయిస్తాను. వచ్చిన రచయితలు కూర్చోవడానికి బాగుంటుంది."

"బీరువా వెనకాలేముంది?" అన్నారు రెండోవారు.

"ఏముంటుందండీ, పాత కాగితాలు." (నవ్వులు)

దగ్గుదామనుకున్నాను. పెద్దలు మాట్లాడుతుంటే దగ్గడం మర్యాద కాదనిపించింది. పోనీ చెవులు మూసుకుందామనుకున్నాను. చేతిలో ప్రూఫు ఉంది.

"సోమవారం సర్క్యులర్ పంపిస్తాను" అన్నారు టేపు ఉన్నవారు. "ప్రూఫు విభాగం ఎత్తేస్తున్నాం. ఇక అంతా కంప్యూటరే చూసుకుంటుంది."

"పెద్దక్కకు చెప్పారా?"

"సభ కానివ్వండి. ఇంకా రెండేళ్లు ఉంటానని పట్టుబట్టింది. ఈ గది ఇలాగే నడుస్తుంది, మీ శిష్యురాలు చూసుకుంటుంది అంటే అప్పుడు విరమణకు ఒప్పుకుంది."

"మరి ఆ అమ్మాయి?"

"ఏ అమ్మాయి?"

"అదే, సన్నగా, కళ్లజోడు..."

"ఓ, ఆ అమ్మాయా. పార్సిళ్ల దగ్గర వేద్దాం. చిరునామాలు అంటిస్తుంది."

రెండోవారు "పాపం" అన్నారు. ఇద్దరూ వెళ్లిపోయారు. వెళ్లిన పేజీ, అంటే సమయం, రెండు గంటల పది నిమిషాలు. టేపు లోపలే మర్చిపోయారు. (నవ్వులు ఆగిపోయాయి)

పెద్దక్కా, మీకు ముందే చెప్పలేదు. క్షమించండి. చెప్తే మీరు ఇవాళ ఇక్కడికి రారు. మీరు రాకపోతే సభ లేదు. సభ లేకపోతే నాకు మైకు లేదు.

ఇందాక ఇదే మైకు ముందు మా యజమానిగారు చాలా చక్కటి వాక్యం చెప్పారు. "పెద్దక్క నడిపిన ప్రూఫు గది ఈ సంస్థకు కన్ను వంటిది. అది చిరకాలం తెరిచే ఉంటుంది." నేను రాసుకున్నాను. గురువారం చెప్పిన వాక్యం కూడా నా దగ్గరుంది. ఈ రెండూ ఒకే మనిషి అన్న మాటలు. నాకు పొసగడం లేదు. అబద్ధం అనడం నా పని కాదు. దిద్దడం కూడా నా పని కాదు. అది నేను నెల తిరక్కుండానే నేర్చుకున్నాను. అందుకని అడుగుతున్నానండీ. ఈ రెండు వాక్యాల్లో ఏది ఉంచమంటారు?

(యజమానిగారు: "అమ్మాయీ, ఇది సందర్భం కాదు.")

కాదండీ. సందర్భం సోమవారమట. సోమవారం వచ్చాక అడిగే పని ఉండదు.

(వెనకనుంచి బైండింగు బాబాయి: "చెప్పండి సారూ, మేమూ వింటాం! అమ్మాయి కాళ్లు వణుకుతున్నాయి, పాపం తొందరగా చెప్పండి!")

బాబాయ్, కాళ్ల సంగతి మైకులో పడకపోతే బాగుండేది. (నవ్వులు)

యజమానిగారు ఏదో చెప్పబోయారు. ఆయనకు పొలమారింది. కావాలని కాదు, నిజంగానే దగ్గుతున్నారు. పెద్దక్క తన ముందున్న నీళ్ల గ్లాసు ఆయన వైపు జరిపారు. నవల చదివినవాళ్లు నవ్వుతున్నారు. అమ్మకాల అన్నయ్య మాత్రం ఎందుకు నవ్వుతున్నారని పక్కవాళ్లను అడుగుతున్నాడు. (పెద్ద నవ్వులు)

(అధ్యక్షులు లేచి నిలబడ్డారు: "నేనొక మాట చెప్పాలి. గురువారం 'పాపం' అన్నది నేనే. అంతకంటే ఎక్కువ అనాల్సింది, అనలేదు. నా కొత్త నవల రాతప్రతి సిద్ధంగా ఉంది. అది వెళ్తే ఆ గదికే వెళ్తుంది. ఆ గది లేకపోతే నా దగ్గరే ఉంటుంది. ఇంకొకటి. ఆ కల... కల కాదు. ఆ తల్లి పెన్సిలు. మూడేళ్లుగా చెప్పాలనుకుంటున్నాను, నోరు రాలేదు." చప్పట్లు)

కూర్చోండి అధ్యక్షా. ధన్యవాదాలు. అయినా నేను అడిగింది మిమ్మల్ని కాదు. యజమానిగారూ, నీళ్లు తాగారా?

(యజమానిగారు: "సర్క్యులర్ పంపను. గది ఉంటుంది. నువ్వే చూసుకో. ఇక దిగమ్మా తల్లీ!" చప్పట్లు)

దిగుతానండీ. మొదటి వాక్యం ఉంచుతున్నాను, రెండోది కొట్టేస్తున్నాను. వంద మంది ముందు దిద్దిన ప్రూఫు కనుక మళ్లీ చూడక్కర్లేదు. మీకు నా మీద కోపం ఉంటుంది. ఉండాలి కూడా. కానీ గ్లాసు ఖాళీ చేశారు, సంతోషం.

కాగితం మీద రాసుకున్నది ఇంతవరకే. ఆయన కాదంటే ఏం మాట్లాడాలో ఇంకో కాగితం ఉంది. అది చాలా ఘాటుగా ఉంటుంది. దాన్ని మడిచి పెట్టేస్తున్నాను. ఆయన ఔనంటే ఏం మాట్లాడాలో మాత్రం రాసుకోలేదు. ఔనంటారని అనుకోలేదు.

వారం రోజులుగా నిద్రలో కూడా గది, గది అనుకుంటూ తిరిగాను. గది దక్కింది. సోమవారం తొమ్మిదిన్నరకు వెళ్లి నేను తాళం తీస్తాను. రెండు బల్లలూ ఉంటాయి. నేను ఏ బల్ల దగ్గర కూర్చోవాలి? ఈ సంగతి నాకు ఇప్పుడే, ఇక్కడ నిలబడ్డాకే తట్టింది. గది కోసం పోట్లాడుతూ, అందులోంచి మీరు వెళ్లిపోతున్నారన్న మాట మర్చిపోయాను అక్కా.

ఈ అమ్మాయి నోట్లోంచి మాట రాదని ఇందాక ఎవరో అన్నారు. బయటివాళ్లకు తెలియని విషయం ఒకటుంది. ప్రూఫు ఇద్దరు చూస్తారు. ఒకరు రాతప్రతి పైకి చదవాలి, రెండోవారు అచ్చుతో పోల్చి చూడాలి. మా గదిలో చదివేది నేను. మూడేళ్లు, రోజుకు ఎనభై పేజీలు, సేనానుల కోపాలూ, మేనమామల స్నానాలూ, వంటల పుస్తకాల్లో ఉప్పు ఎంత వెయ్యాలో కూడా నేనే గొంతెత్తి చదివాను. ఎవరితోనూ మాట్లాడలేని నన్ను మీరు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా విన్నారు. ఎక్కడా "చాలే" అనలేదు. గొంతు తగ్గితే "ఏమే, వినపడటం లేదు" అనేవారు. అంతే. ఇవాళ వంద మంది ముందు నా గొంతు ఈమాత్రం వినపడిందంటే, అందుకే.

ఇకనుంచి ఎవరికి చదవాలక్కా? దీనికి జవాబు మీరు ఇప్పుడే చెప్పనక్కర్లేదు.

(పెద్దక్క లేచి వచ్చి మైకు కిందికి వంచారు: "ఆదివారం ఇంటికి రా. బావగారికి చదువుదువుగాని. ఆయనకు చెవుడొస్తోంది, గట్టిగా చదవాలి." నవ్వులు. బావగారు: "నాకేం చెవుడు లేదు!")

వస్తానక్కా. బావగారూ, ముందే క్షమాపణలు. నన్ను పైకి పంపినవారికీ, మధ్యలో దించెయ్యకుండా ఓర్చుకున్నవారికీ, అడిగినదానికి జవాబు చెప్పినవారికీ కృతజ్ఞతలు. ఈసారి మధ్యలోది మర్చిపోలేదనే అనుకుంటున్నాను. సెలవు.